స్కేలు అందేంత దూరం

కెమెరాకు ఒకే ఒక్క ప్రైమ్ లెన్సు కొనుక్కోవాలనుకున్నప్పుడు ముప్పై అయిదు మిల్లీమీటర్లదా, యాభైదా అన్నది ఎవరికి వారు ప్రశాంతంగా తేల్చుకోవలసిన విషయమని నేను చదివిన ప్రతిచోటా రాసి ఉంది. నా విషయంలో ఆ నిర్ణయం మా బజారంతా కలిసి తీసుకుంది. ప్రశాంతత కాస్త తగ్గింది.

నేను నల్గొండలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఎకనామిక్స్ చెప్తాను. చొక్కా జేబులో ఎప్పుడూ ఒక చాక్‌పీసు ముక్క ఉంటుంది. ఈ రెండు వివరాలూ తర్వాత నా మెడకు చుట్టుకున్నాయి కాబట్టి ముందే చెప్తున్నాను.

ప్రైమ్ లెన్సు అంటే జూమ్ లేనిది. మనిషి దగ్గరగా కనిపించాలంటే రింగు తిప్పితే కుదరదు, నడిచి దగ్గరికి వెళ్లాలి. ముప్పై అయిదైతే దాదాపు మీద పడేంత దగ్గరికి. అంత దగ్గరికి వెళ్లినా అతనితోపాటు అతని దుకాణం, పక్కన మురికినీళ్ల మోరీ, పైన కరెంటు తీగలు, ఎవరిదో పుట్టినరోజు ఫ్లెక్సీ అన్నీ ఫొటోలోకి వస్తాయి. యాభైదైతే రోడ్డుకు ఇవతల నిలబడి అవతలి మనిషిని ఒక్కణ్ణే పట్టుకోవచ్చు, మధ్యలో ఆటో రాకుంటే. మా బజారులో మధ్యలో ఆటో లేని క్షణాన్ని నేనింకా చూడలేదు. ఎనభై అయిదు కూడా ఉంది. అది మనుషులంటే భయపడేవాళ్లు వాడేదని ఇంటర్నెట్‌లో ఒకాయన తేల్చేశాడు. నాకు మనుషులంటే భయమే. కానీ ఇంటర్నెట్‌లో ఆయనంటే ఇంకా భయం. అందుకని ఎనభై అయిదును వదిలేశాను.

కొనకముందే తేల్చుకోవడానికి ఒక పద్ధతి ఉంది. కెమెరాతో వచ్చిన మామూలు జూమ్ లెన్సునే ముప్పై అయిదు దగ్గర పెట్టి, రింగు కదలకుండా టేపు చుట్టి, ఒక వారం దానితోనే తీయాలి. తర్వాతి వారం యాభై దగ్గర టేపు చుట్టాలి. అదే మనిషిని, అదే చోట, అదే వేళకు తీసి, రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాలి. ఇంతవరకు ఎవరికీ నష్టం లేదు. నేను పాఠాలు చెప్పేవాణ్ని కాబట్టి దీనికి ఒక మెరుగు దిద్దాను. ఎక్కడ నిలబడి తీశానో మర్చిపోకుండా, ముప్పై అయిదుతో నిలబడిన చోట రోడ్డు మీద చాక్‌పీసుతో ఒక ఇంటు గుర్తు, యాభైతో నిలబడిన చోట ఒక సున్నా. దుకాణం మెట్టు నుంచి ఆ గుర్తు దాకా ఎన్ని అంగలో లెక్కపెట్టి చిన్న పుస్తకంలో రాసుకోవడం. చాలా శాస్త్రీయంగా ఉంది అనుకున్నాను. ఇప్పటికీ అనుకుంటాను, పైకి అనను.

నేను ఎంచుకున్న మనిషి మా బజారులో దర్జీ. అరవై దాటిన ముసల్మాను పెద్దమనిషి, అందరికీ టైలర్ చాచా. అతని దుకాణం గది చిన్నది, చీకటిది. ట్యూబ్‌లైటు కింద నల్ల బట్ట మీద నల్ల దారం అతని కళ్లకు ఆనదు. అందుకని ముందు అరుగు మీద, నాలుగు రేకుల కింద మిషను వేసుకుని పగటి వెలుతురులో కుడతాడు. ఆ అరుగూ, ఆ రేకులూ ఉంటే అతనికి పని ఉంది, లేకుంటే లేదు. నిజం చెప్పాలంటే రేకులు కొంచెం రోడ్డు మీదికి వచ్చాయి. మా బజారులో కొంచెం రోడ్డు మీదికి రానిది ఏదీ లేదు, ఒక్క మోరీ తప్ప. అది మొత్తమే వచ్చింది.

ఆ వెలుతురులో వంగి కుడుతున్న అతని మొహం మీద నాకు మోజు. కుట్టేటప్పుడు తలెత్తడు. వీధి ఫొటోగ్రఫీకి అంతకంటే ఉత్తముడైన పౌరుడు దొరకడు. అప్పటికే నా ప్యాంటు ఒకటి అతని దగ్గర ఉంది, కాళ్లు పొట్టి చేయమని ఇచ్చింది.

మొదటి రోజు మెట్టు నుంచి అంగలు లెక్కపెట్టి, రెండో అంగ దగ్గర ఇంటు గుర్తు పెట్టి, పుస్తకంలో రాసుకుంటుంటే అతను తలెత్తాడు.

"ఏం సార్, ఏం కొలుస్తున్నరు?"

"ఏం లేదు చాచా. నా సొంత పని."

"సొంత పనికి నా జాగ ఎందుకు కొలుస్తున్నరు?"

"మీ జాగ కాదు చాచా, రోడ్డు కొలుస్తున్న."

ఇంతకంటే చెడ్డ జవాబు ఆలోచించి ఇవ్వమన్నా ఇవ్వలేను. వీధి ఫొటోగ్రఫీలో మొదటి నియమం, తీస్తున్నట్టు ఎదుటి మనిషికి తెలియకూడదని. కెమెరా సంచిలో ఉంది. అతనికి కనిపించింది నేను, నా అంగలు, నా పుస్తకం, నా చాక్‌పీసు.

అప్పటికి కొన్ని నెలల కింద మెయిన్ రోడ్డు వెడల్పు చేస్తామని టేపులు పట్టుకుని మనుషులు వచ్చి, గోడల మీద ఎర్ర రంగుతో ఇంటు గుర్తులు పెట్టి పోయారు. కొన్ని ఇళ్ల ముందు భాగాలు పోయాయి కూడా. మా బజారు ఆ రోడ్డు మీదికే తేలుతుంది. ఇటు వస్తారా రారా అన్నది ఎవరికీ తెలియదు. ఇక సర్వేకు ఎవరు వస్తారన్నది మాత్రం మా దగ్గర చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఓట్ల లెక్కైనా, ఇండ్ల లెక్కైనా, మనుషుల లెక్కైనా చేతిలో పుస్తకం పట్టుకుని వచ్చేది సార్లే. నేను సారును. ప్రైవేటు సారునని, నన్ను సర్కారు ఏ లెక్కకూ పిలవదని, పిలిస్తే బాగుండని చాలాసార్లు అనుకున్నానని వాళ్లకెలా తెలుస్తుంది?

వారమంతా ఇంటు గుర్తులు పెట్టాను, అన్నీ దర్జీ వైపు వరుసలోనే. ముప్పై అయిదుకు దగ్గరికి వెళ్లక తప్పదు కదా. మూడో రోజుకు చాయ హోటల్లో నేను కూర్చుంటే పక్క బెంచీ ఖాళీ అవడం మొదలైంది. నాకు స్థలం ఇస్తున్నారనుకున్నాను. దర్జీ దగ్గరికి వెళ్లి నా ప్యాంటు అయిందా అని అడిగితే తలెత్తకుండానే అన్నాడు.

"అయితది."

"ఎప్పుడు చాచా?"

"నువ్వు గీ పని ఎప్పుడు బంద్ చేస్తవో గప్పుడు."

సార్ పోయి నువ్వు వచ్చింది. గమనించాను. పుస్తకంలో రాసుకోలేదు.

రెండో వారం టేపు యాభైకి మారింది. అంటే నేను రోడ్డు దాటి, ఎదురుగా గాజుల దుకాణం ముందుకు మారాను. అక్కడ సున్నాలు. గాజుల దుకాణం నడిపే అక్క గొంతు మా బజారులో మైకు అవసరం లేనిది. మొదటి సున్నాను ఆమె నడుం మీద చేతులు పెట్టుకుని చాలాసేపు చూసింది. తర్వాత నవ్వి, రోడ్డు అవతలికి వినపడేట్టు అంది.

"మా దిక్కు సున్నా పెట్టిండు, చూసినవా చాచా! ఇంటు పెట్టినోళ్ల ఇండ్లు పోతయి, సున్నా పెట్టినోళ్లయి బచాయిస్తయి. గా మెయిన్ రోడ్డు మీద చూడలే?"

"నవ్వు, నవ్వు," అన్నాడు దర్జీ. "సున్నా అంటే ఏమీ మిగల్దని కూడ అర్థమైతది."

"మిగలకపోతే నీ రేకుల కిందికి వస్త తియ్. అవి ఉంటెనే కద!"

ఎన్నో ఏళ్లుగా ఎదురెదురుగా ఉండి, ఒకరి దుకాణం ఇంకొకరికి చూసుకొమ్మని అప్పజెప్పి నమాజుకూ గుడికీ పోయే మనుషులు. రెండు రోజుల్లో ఇంటు దిక్కు వాళ్లు సున్నా దిక్కు హోటల్లో చాయ తాగడం మానేశారు. సున్నా దిక్కు వాళ్లు ఇంటు దిక్కు పంక్చర్ దుకాణానికి రావడం మానేసి టైర్లలో గాలి లేకుండానే తిరిగారు. ఈ సంగతి నాకు అప్పుడు తెలియదు. నేను వెలుతురు సంగతి చూసుకుంటున్నాను.

గురువారం పొద్దున వచ్చేసరికి గాజుల దుకాణం ముందు నాలుగు ఇంటు గుర్తులున్నాయి. దర్జీ అరుగు ముందు ఒక సున్నా ఉంది. నాది తెల్ల చాక్‌పీసు. ఇవి గులాబి రంగు, బట్ట మీద గీతలకు వాడేది. సున్నా మాత్రం ఎంతో గుండ్రంగా వచ్చింది, నేను బోర్డు మీద ఎన్నడూ గీయలేనంత. నా చొక్కా కూడా కుట్టినవాడు, వంపు కత్తిరించడం తెలిసినవాడు తప్ప ఇంకొకడు గీసింది కాదది.

గాజుల అక్క బకెట్ నీళ్లు తెచ్చి, ఇంటు గుర్తుల మీద సగం, నా మీద సగం పోసింది.

"రోజుకొక తీరుగ ఏస్తవా? నిన్న బచాయించినవి ఇయ్యాల ఎట్ల పోతయి? ఎవరు చెప్పిండ్రు నీకు? ఎవరి దగ్గర చాయ తాగినవ్?"

"అక్కా, ఇవి నేను వెయ్యలే."

"నువ్వు వెయ్యకుంటే చాక్‌పీసు ఎవరి జేబుల ఉన్నది?"

చూసుకున్నాను. నా జేబులోనే ఉంది. తడిసి ఉంది.

నా పద్ధతిలో ఒక లోపం బయటపడింది. గుర్తులు పెట్టే పని నాకొక్కడికే తోస్తుందనుకున్నాను. ఇంటికి వెళ్లి ఆ మాటే మా ఆవిడతో అంటే, ఆమె సెల్‌ఫోన్ నా ముందు పెట్టింది. బజారు వాళ్ల వాట్సాప్ గ్రూపులో నా ఫొటో. వంగి, నాలుక కొంచెం బయటపెట్టి, రోడ్డు మీద ఇంటు గీస్తున్నాను. కింద, "ఈయనను ఎవరు పంపిండ్రో కనుక్కోండ్రి" అని.

ఫొటో మాత్రం బాగుంది. రెండడుగుల దూరం నుంచి, నాకు ఏమాత్రం తెలియకుండా, వెలుతురు పక్క నుంచి పడుతుండగా తీశారు. నేను నెలరోజులుగా నేర్చుకుంటున్నది అదే.

"రేపే పోయి చెప్పు వాళ్లకు," అంది మా ఆవిడ. "లెన్సు కోసం చేస్తున్న అని చెప్పు."

"ఇంక రెండు రోజులే ఉన్నది. యాభైది సగంల ఆగిపోతది."

"ఆగిపోతే ఏమైతది?"

"పోల్చి చూసేదానికి ఉండది."

ఆమె నన్ను చూసిన చూపు ఏ లెన్సులోనూ బాగా రాదు. "నీ ఇష్టం," అని వంటింట్లోకి పోయింది.

ఆ రెండు రోజులు నేను చెప్పలేదు. ఇది రాస్తున్నప్పుడు కూడా ఏదైనా సాకు దొరుకుతుందేమో అని వెతికాను. దొరకలేదు. శుక్రవారం, శనివారం దొంగలాగా వచ్చి, సున్నాలు పెట్టకుండా ఫొటోలు మాత్రం తీసుకుపోయాను. శనివారం తీసిన వాటిలో దర్జీ కుట్టడం లేదు. రేకుల వైపు తలెత్తి చూస్తున్నాడు. ఆ ఫొటోకు యాభై బాగా కుదిరిందని పుస్తకంలో రాసుకున్నాను.

ఆదివారం పొద్దున వెళ్లేసరికి రేకులు లేవు.

నాలుగూ గోడకు ఆనించి ఉన్నాయి. కింద వాసాలు, పక్కన డబ్బాలో వంకర మొలలు. మిషను లోపలి గదిలోకి పోయింది. అరుగు బోడిగా ఉంది. దర్జీ గుమ్మంలో కూర్చుని, కుడిచేతి వేలికి గుడ్డపీలిక చుట్టుకుంటున్నాడు. రేకు అంచు కోసుకుంది. సూది పట్టే వేలే.

"చాచా, ఏందిది?"

"నువ్వే అడుగుతున్నవా? మంచిగున్నది." అతని గొంతులో కోపం కూడా లేదు. అది ఇంకా చెడ్డగా ఉంది. "మెయిన్ రోడ్డుల చూసిన. జేసీబీ వచ్చేదాక ఆగినోల్ల రేకులు చపాతీలైనయి. ముంగటనే ఇప్పుకున్నోల్లయి మిగిలినయి. నా జాగ పోతే పోనీ, రేకులన్న ఉంటయి. నీ పని నువ్వు చేస్కో."

అప్పుడు చెప్పాను. కెమెరా తీసి చూపించాను, రింగుకు చుట్టిన టేపు చూపించాను, పుస్తకం తెరిచి అంగల లెక్క చూపించాను. నేను చెప్తుండగానే ఇంటు దిక్కు వాళ్లు వచ్చారు. సున్నా దిక్కు నుంచి గాజుల అక్క రోడ్డు దాటి వచ్చింది, అయిదు రోజుల తర్వాత మొదటిసారి. ఎకనామిక్స్‌లో ఇంత శ్రద్ధగా వినే తరగతి నాకెప్పుడూ దొరకలేదు.

"అంటే నిన్నెవ్వరు పంపలే?" అన్నాడు దర్జీ.

"పంపలే చాచా."

"బజారు పోదు?"

"నాకు తెల్వది. నాకేం సంబంధం లేదు."

"మరి గీ ఇంటులు?"

"ఏ లెన్సు కొనాల్నో చూసుకుంటున్న."

గాజుల అక్క నా చేతిలోంచి కెమెరా తీసుకుని, ముందు వైపు తిప్పి చూసింది.

"గీ గుండు కోసమా? గీ అద్దంగుండు కోసం ముసలోనితోటి రేకులు ఇప్పిచ్చినవా?"

"నేను ఇప్పమనలే అక్కా."

"ఇప్పమనలే! నోరు తెరిసి ఒక్క మాట చెప్పినవా ఇన్ని దినాలు? నేను ఈయనతోటి మాట్లాడక అయిదు దినాలైంది, తెలుసా నీకు? ఈయన పండ్లు లేని నోటితోటి నన్ను ఎన్ని మాటలన్నడు, తెలుసా?"

"నాకు పండ్లున్నయి," అన్నాడు దర్జీ.

"ఉంటె ఉండనీ. ఇంటులు ఏసింది నువ్వే అని నాకు తెలుసు, గులాబి చాక్‌పీసు. నీతోటి తర్వాత మాట్లాడ్త. ముందు ఈ సారు సంగతి చూడనీ."

రెండు దిక్కులూ ఒక్కటయ్యాయి. సర్కారు మనిషిననుకున్నప్పుడు నా మీద కోపంతోపాటు కొంచెం భయం ఉండేది, భయంతోపాటు కొంచెం మర్యాద ఉండేది. ఇప్పుడు కోపం ఒక్కటే మిగిలింది. ఎవరో నా పుస్తకం తీసుకుని అంగల లెక్క గట్టిగా చదవడం మొదలుపెట్టారు. నవ్వులు. అవి మంచి నవ్వులు కావు.

దర్జీ మాత్రం లేచి, లోపల్నుంచి నిచ్చెన తెచ్చి నా ముందు పెట్టాడు.

"ఎక్కు."

ఎక్కాను. రేకు మొయ్యడం తెలియదు, మొల కొట్టడం అంతకంటే తెలియదు. కింద నిలబడిన వాళ్లంతా నాకు నేర్పారు. ఆ నేర్పిన మాటలు ఇక్కడ రాయడం బాగుండదు. గాజుల అక్క వాసం పట్టుకుంది. పాత మొలల బొక్కల్లోనే మళ్లీ కొట్టబోతుంటే దర్జీ కింది నుంచి అరిచాడు.

"గంతొద్దు. జర లోపటికి జరుపు. ఒక ఫీటు."

"ఎందుకు చాచా? నేను సర్వే మనిషిని కాదని చెప్పిన కదా."

"నువ్వు కాదు. వాల్లు రారని రాసిస్తవా?"

రాసివ్వలేను. అన్ని రోజులు అంత రాశాను, ఆ ఒక్క ముక్క రాసివ్వలేకపోయాను. రేకులు ఒక అడుగు లోపలికి జరిగాయి. రేకులతోపాటు మిషను కూడా జరిగి గోడకు ఆనుకుంది. మధ్యాహ్నం తర్వాత గోడ నీడ దాని మీద పడుతుంది. ఇదివరకు సాయంత్రం దాకా కుట్టేవాడికి ఇప్పుడు నాలుగింటికే నల్ల దారం కనపడడం మానేసింది. ఆ గంటన్నర వెలుతురు నా ఖాతాదని అతనూ అనలేదు, నేనూ అనలేదు, గాజుల అక్క రోజూ అంది.

నిచ్చెన దిగుతుంటే దర్జీ టేబుల్ మీది కట్టె స్కేలు తీసుకున్నాడు. బట్ట కొలిచే పొడుగాటిది. దాన్ని చేయి చాచి నా రొమ్ము మీద ఆనించాడు.

"ఫొటోలు తీస్తవా ఇంక?"

"మీరు వద్దంటే తియ్య చాచా."

"తియ్యి. కానీ రోడ్డుకు గా దిక్కు నిలబడి తియ్యకు. దూరం నిలబడితే ఏం చేస్తున్నవో నాకు తెల్వది. గీ స్కేలు అందేంత దూరంల నిలబడు."

"ఎందుకు చాచా?"

"అందాలె."

ఆ వారం హైదరాబాదు వెళ్లి కోఠిలో ముప్పై అయిదు కొన్నాను. దుకాణంలో కుర్చీలో కూర్చున్నాయన, ఎందుకు ఇదే తీసుకుంటున్నారని అడిగాడు. యాభైది తీసుకుంటే బాగుంటుందని, మొహాలు అందంగా వస్తాయని, ఎదుటివాళ్లకు ఇబ్బంది ఉండదని చాలా చెప్పాడు. అన్నీ నిజమే. ఇదే ఇవ్వండి అన్నాను.

తిరిగి వచ్చాక దర్జీ నా ప్యాంటు ఇచ్చాడు. తొడుక్కుంటే పాదాల పైన జానెడు కాలు కనిపిస్తోంది.

"చాచా, కొలత మీరే తీసుకున్నరు కదా?"

"నేనే తీస్కున్న. నువ్వు కొలిస్తే నా జాగ పోయింది, నేను కొలిస్తే నీ ప్యాంటు పోయింది. ఇంక కొలుచుడు ఇద్దరం బంద్ చేద్దాం."

ఆ లెన్సుతో అతన్ని చాలా తీశాను. ఏ ఒక్కదానిలోనూ అతను వంగి కుడుతూ లేడు. అన్నిట్లోనూ సూటిగా నన్నే చూస్తున్నాడు. కింది మూలలో స్కేలు కొస మసకగా ఉంటుంది. వెనకాల కరెంటు తీగలు, మోరీ, ఫ్లెక్సీ, రోడ్డు అవతల గాజుల అక్క చెయ్యెత్తి ఏదో అంటూ అన్నీ ఉంటాయి. హైదరాబాదులో ఫొటోలు తీసే ఒక మిత్రుడు చూసి, మనుషులు నీ ముందు ఇంత సహజంగా ఎలా ఉంటారని అడిగాడు. వాళ్లు సహజంగానే అలా ఉంటారని చెప్పాను.

మొన్నొక రోజు నాలుగున్నరకు అటు వెళ్తుంటే పిలిచాడు.

"ఓ సారూ. ఇటు రా."

ఆగాను. స్కేలు ఒడిలో ఉంది.

"సూదిల దారం ఎక్కియ్యి."

కెమెరా అరుగు మీద పెట్టి కూర్చున్నాను. నల్ల దారం, నల్ల బట్ట, గోడ నీడ. దారం తడిపి పెట్టాను, పక్కకు పోయింది. మళ్లీ పెట్టాను, మళ్లీ పోయింది. నాకు కళ్లద్దాలు రావడానికి ఇంకా టైముందని అనుకుంటూ ఉండేవాణ్ని.

"గా కెమెరాల నుంచి చూడు, కనబడ్తదేమో," అన్నాడు.

రోడ్డు అవతల నుంచి గాజుల అక్క నవ్వు వినపడింది.

మూడోసారికి ఎక్కింది. లేవబోతే స్కేలు నా మోకాలికి అడ్డం వచ్చింది.

"గా మిషను సూదిది కూడ ఉన్నది. యాడికి పోతున్నవ్?"